బాడుగ ఇంటి తాళం: యజమాని ఎప్పుడు మార్చవచ్చు

బాడుగకు ఇచ్చిన ఇంటి తాళాన్ని యజమాని తనంతట తానే మార్చడం భారతదేశంలో మామూలుగా చట్టం ఒప్పని పని. ఇల్లు తిరిగి అతని స్వాధీనంలోకి వచ్చాకే ఆ హక్కు పుడుతుంది. అలా రావడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి: బాడుగదారు తన చేత్తో తాళంచెవి ఇచ్చి ఖాళీ చేయడం, లేదా కోర్టు అమీనా వచ్చి అప్పగించడం. నిప్పంటుకోవడం, నీళ్ల పైపు పగలడం వంటి ఆపదల్లో తలుపు తెరిచి మళ్లీ మూయాల్సి రావచ్చు గానీ, అంతమాత్రాన ఇల్లు స్వాధీనం చేసుకున్నట్టు కాదు. చిత్తూరు వైపు తాళాన్ని బీగమనీ, అద్దెను బాడుగనీ అంటారు. ఈ వ్యాసంలో ఆ మాటలు కలగలిసి వస్తాయి.

శ్రీసిటీ చుట్టుపక్కల బాడుగలు

శ్రీసిటీ 2008లో మొదలైన పారిశ్రామిక నగరం. చెన్నైకి ఉత్తరాన సుమారు 55 కిలోమీటర్ల దూరంలో, 16వ నంబరు జాతీయ రహదారికి దగ్గర్లో, తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉంది. సత్యవేడు, వరదయ్యపాలెం మండలాలు చిత్తూరు జిల్లాలోను, తడ మండలం నెల్లూరు జిల్లాలోను ఉన్న రోజుల్లో ఇది రెండు జిల్లాల మీద పరుచుకుని ఉండేది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక అంతా తిరుపతి జిల్లా అయింది. ఇసుజు, ఫాక్స్‌కాన్, మాండెలీజ్, ఆల్‌స్టామ్, డైకిన్, కోబెల్కో వంటి కంపెనీల కర్మాగారాలు, 2013లో వచ్చిన ట్రిపుల్ ఐటీ ఇక్కడివే. పనికి వచ్చినవాళ్లకు గదులు కావాలి. ఆ గదులు తడలో, సూళ్లూరుపేటలో, వరదయ్యపాలెంలో, సత్యవేడులో, సరిహద్దు దాటితే ఆరంబాక్కంలో దొరుకుతాయి.

ఇలాంటి చోట తాళం తగాదా నగరంలో వచ్చినట్టు రాదు. ఒకే గదిలో నలుగురు ఉంటారు. ఇద్దరు పగటి షిఫ్టు, ఇద్దరు రాత్రి షిఫ్టు. చెవి ఒకటే అయితే కిటికీ గూట్లో పెట్టిపోతారు. బాడుగ మాట్లాడుకున్నవాడు ఒకడు, ఫోన్‌పేలో కట్టేవాడు ఇంకొకడు. పండక్కి ఊరికి పోయి పది రోజుల తర్వాత వచ్చేసరికి గడియకు కొత్త బీగం వేలాడుతుంటుంది. సంచి భుజాన వేసుకుని మెట్ల మీద కూర్చున్నవాడికి లోపలున్న బట్టలు, సర్టిఫికెట్లు, కంపెనీ ఐడీ కార్డు గుర్తుకొస్తాయి. ఇంటాయనకు ఫోన్ చేస్తే, రెండు నెలల బాకీ ఉంది కట్టి చెవి తీసుకోమంటాడు. బాకీ నిజమే కావచ్చు. అయినా ఆ బీగం అక్రమమే. ఎందుకో తెలియాలంటే చట్టం స్వాధీనాన్ని ఎలా చూస్తుందో తెలియాలి.

హక్కు వేరు, స్వాధీనం వేరు

ఇల్లు ఎవరిదన్నది ఒక ప్రశ్న. ఇప్పుడు అందులో ఎవరున్నారన్నది ఇంకో ప్రశ్న. బాడుగకు ఇచ్చిన రోజు నుంచి మొదటిదానికి జవాబు యజమాని, రెండోదానికి జవాబు బాడుగదారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఈ సంబంధానికి మూలం. దాని 108వ సెక్షన్ బాడుగ కడుతూ షరతులు పాటించేవాడు అడ్డూ ఆటంకం లేకుండా ఇంటిని అనుభవించవచ్చని చెబుతుంది. అదే సెక్షన్ యజమానికి తగిన వేళల్లో లోపలికి వచ్చి ఇల్లు ఎలా ఉందో చూసుకునే వీలు కూడా ఇస్తుంది. చూసుకోవడానికి రావచ్చు, తాళం వేసుకుని పోవడానికి కాదు.

బలవంతంగా స్వాధీనం తీసుకోకూడదన్న మాట మన దగ్గర కొత్తది కాదు. 1877 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలోనే, చట్టప్రకారం కాకుండా వెళ్లగొట్టబడినవాడు తిరిగి స్వాధీనం అడగవచ్చని ఉంది. మిడ్నాపూర్ జమీందారీ కంపెనీ కేసులో 1924లో ప్రీవీ కౌన్సిల్, భారతదేశంలో ఎవరికి వారు బలంతో స్వాధీనం తీసుకోవడానికి వీల్లేదని, కోర్టు ద్వారానే పొందాలని తేల్చింది. స్వాతంత్ర్యం తర్వాత సుప్రీంకోర్టు లల్లూ యశ్వంత్ సింగ్ కేసులో (1968), కృష్ణారామ్ మహాలే కేసులో (1989), రామేగౌడ కేసులో (2004) అదే దారిలో నడిచింది. స్థిరంగా స్వాధీనంలో ఉన్న మనిషికి అక్కడ ఉండే హక్కు లేదని అనుకున్నా సరే, సొంతదారు కూడా అతన్ని చట్టం ద్వారా తప్ప కదపరాదన్నది ఈ తీర్పుల సారం.

ఇక్కడే చాలామంది ఇంటి యజమానులకు ఒళ్లు మండుతుంది. ‘నా ఇల్లు, నా తలుపు, బీగం కూడా నేను కొన్నదే’ అంటారు. బీగం ఆయనదే, ఎవరూ కాదనరు. ఆ తలుపు వెనక ఉండే వీలును నెలకింత అని పుచ్చుకుని ఇంకొకరికి ఇచ్చాడు, తగాదా అంతా ఆ వీలు గురించే.

ఒప్పంద పత్రంలో రాసుకుంటే?

శ్రీసిటీ చుట్టుపక్కల కూడా బాడుగ పత్రాలు సాధారణంగా 11 నెలలకే రాస్తారు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయాలని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి పుట్టిన లెక్క అది. చాలా పత్రాల్లో చివర ఒక వాక్యం ఉంటుంది: బాడుగ రెండు నెలలు ఆగితే యజమాని తాళం వేసుకోవచ్చు, సామాను బయట పెట్టవచ్చు అని. స్టాంపు పేపరు మీద ఇద్దరి సంతకాలు, సాక్షుల సంతకాలు ఉన్నా ఆ వాక్యంతో యజమాని సొంతంగా తాళం వేయలేడు.

1989లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వానికి, మహారాజా ధర్మేందర్ ప్రసాద్ సింగ్‌కు మధ్య జరిగిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టంగా చెప్పింది. లీజు గడువు తీరినా, రద్దయినా, పత్రంలో తిరిగి స్వాధీనం చేసుకునే షరతు ఉన్నా, యజమాని కోర్టు గడప తొక్కకుండా బలంతో స్వాధీనం తీసుకోలేడు. అక్కడ యజమాని సాక్షాత్తూ రాష్ట్ర ప్రభుత్వం. ప్రభుత్వానికే లేని వెసులుబాటు తడలో మూడు గదుల మిద్దె ఉన్న ఆసామికి ఎక్కడి నుంచి వస్తుంది? ఆ షరతు వల్ల లీజును ముగించే హక్కు రావచ్చు. ఆ హక్కును అమలు చేసేది మాత్రం కోర్టే.

ఏ చట్టం ఎక్కడ

పట్టణాల్లో అద్దె తగాదాలకు దశాబ్దాల పాటు ఆధారమైనది 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం. దాని 10వ సెక్షన్ కారణాలను వరుసగా పెట్టింది: బాడుగ ఎగవేత, అనుమతి లేకుండా మరొకరికి అద్దెకివ్వడం, ఇంటిని పాడుచేయడం, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించడం, సరైన కారణం లేకుండా వరసగా నాలుగు నెలలు ఇంట్లో ఉండకపోవడం, యజమాని హక్కునే కాదనడం, యజమానికి సొంతానికి కావాల్సి రావడం. వీటిలో ఏది ఉన్నా రెంట్ కంట్రోలర్ దగ్గరికే పోవాలి. ఆ చట్టం పురపాలక ప్రాంతాలకు, ప్రభుత్వం నోటిఫై చేసిన చోట్లకు వర్తించేది. 2005 సవరణతో నగరపాలక సంస్థల్లో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన బాడుగలను దాని పరిధి నుంచి తీసేశారు. 2017లో రాష్ట్ర శాసనసభ నివాస, నివాసేతర కట్టడాల అద్దెలకు కొత్త చట్టం రాసింది. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం రాష్ట్రాలు స్వీకరిస్తేనే అమలవుతుంది. అందులో బాడుగదారు గదిలోకి రావాలంటే యజమాని 24 గంటల ముందు తెలియజేయాలని, ఉదయం 7కు ముందు, రాత్రి 8 తర్వాత రాకూడదని ఉంది.

తడ, వరదయ్యపాలెం, సత్యవేడు పంచాయతీ ఊళ్లు. అక్కడి గదుల బాడుగలూ 2,000 రూపాయల కాలాన్ని ఎప్పుడో దాటాయి. కాబట్టి పాత 1960 చట్టం లెక్కన చూస్తే వాటి తగాదా ఆస్తి బదిలీ చట్టం కింద సివిల్ కోర్టుదే. 106వ సెక్షన్ ప్రకారం నెలవారీ బాడుగను ముగించడానికి 15 రోజుల నోటీసు ఇవ్వాలి, తర్వాత దావా వేయాలి. నోటీసు అందాక కూడా బాడుగదారు కదలకపోతే యజమానికి మిగిలింది దావాయే, బీగం కాదు. ఎగవేత కారణంగా లీజు రద్దయిందని దావా వేసినా, విచారణ వేళ బాకీ వడ్డీతో, ఖర్చులతో సహా కట్టేస్తే కోర్టు 114వ సెక్షన్ కింద లీజును నిలబెట్టవచ్చు. సరిహద్దుకు అటువైపు లెక్క వేరు. తమిళనాడు సొంతంగా 2017లో అద్దె చట్టం చేసి 2019 ఫిబ్రవరి 22 నుంచి అమలు చేస్తోంది. తడలో గది వెతికి ఆరంబాక్కంలో దిగినవాడు రాష్ట్రంతో పాటు చట్టం కూడా మారిందని గుర్తుపెట్టుకోవాలి.

తాళం మార్చదగిన సందర్భాలు

మొదటిది, అందరికీ తెలిసినది: బాడుగదారు ఖాళీ చేసి చెవి ఇచ్చేయడం. లీజును ఇద్దరూ ఒప్పుకుని ముగించుకోవడాన్ని 111వ సెక్షన్ గుర్తిస్తుంది. అప్పుడు తాళం మార్చడం హక్కే కాదు, తెలివైన పని కూడా. నలుగురు కుర్రాళ్లున్న గదికి ఎన్ని డూప్లికేట్ చెవులు చేయించారో ఎవరికి తెలుసు? కొత్తగా దిగేవాళ్ల క్షేమం కోసమైనా తాళం మార్చాలి. చెవి తీసుకున్న తేదీ, మీటరు రీడింగు, అడ్వాన్సులో పట్టుకున్నదెంత, తిరిగిచ్చిందెంత అని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టించుకుంటే తర్వాత నోరు చేసుకోనక్కర్లేదు.

రెండోది, కోర్టు అప్పగింత. డిక్రీ వచ్చినంత మాత్రాన యజమాని సుత్తి తీసుకుని పోకూడదు. ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 35వ రూలు కింద కోర్టు తన ఉద్యోగిని పంపుతుంది. అమీనా తలుపు తట్టి వారెంటు చూపిస్తాడు. ముందుగా హెచ్చరిస్తాడు. ఆచారం కొద్దీ పదిమందిలోకి రాని ఆడవాళ్లు లోపలుంటే వాళ్లు బయటికి పోయే వీలు కల్పించాలని ఆ రూలులోనే ఉంది. అప్పటికీ తెరవకపోతే తాళం తీయవచ్చు, గడియ ఊడదీయవచ్చు, తలుపు పగలగొట్టవచ్చు. చట్టం తాళం పగలగొట్టే అధికారాన్ని ఇంత విడమరిచి ఇచ్చింది ఆ ఉద్యోగికే. లోపల దొరికిన సామాను జాబితా రాసి, పెద్దమనుషుల సంతకాలు పెట్టించి, ఇల్లు అప్పగించాక యజమాని తన బీగం వేసుకుంటాడు. ఆ రోజు ఆ బీగానికి వంక పెట్టేవాడుండడు.

మూడోది, బాడుగదారు ఒప్పుకుని మార్చడం. చెవి పోయింది, దొంగలు గడియ విరిచారు, తుప్పుపట్టి తాళం తిరగడం లేదు. ఇలాంటప్పుడు తాళం మార్చి కొత్త చెవి అప్పటికప్పుడే బాడుగదారు చేతిలో పెట్టాలి. వీధి గేటుకూ ఇదే సూత్రం. రాత్రి పదికి గేటుకు తాళం వేయడం యజమాని ఇష్టం. రెండో షిఫ్టు దిగి అర్ధరాత్రి వచ్చేవాడికి దాని చెవి ఇవ్వకపోతే మాత్రం గది తాళం మార్చినట్టే లెక్క. అలీగఢ్ తాళమైనా, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన దిండిగల్ తాళమైనా, చెవి ఎవరి దగ్గరుందన్నదే కోర్టు చూస్తుంది.

నాలుగోది, ఆపద. లోపల నుంచి పొగ వస్తోంది, నీళ్లు కింది ఇంట్లోకి కారుతున్నాయి, రెండు రోజులుగా మనిషి అలికిడి లేదు. పెద్ద నష్టాన్ని తప్పించడానికి దురుద్దేశం లేకుండా చేసిన పనిని నేరంగా చూడకూడదని భారతీయ న్యాయ సంహిత 19వ సెక్షన్ చెబుతుంది. మనిషి ప్రాణం సంగతైతే పోలీసులను పిలవాలి, కాకపోతే పక్కింటివాళ్లను సాక్షులుగా పెట్టుకోవాలి. పని అయ్యాక కొత్త తాళం వేయాల్సివస్తే బాడుగదారుకు వెంటనే కబురు చేసి, చెవి అతని కోసం ఉంచాలి.

అన్నిటికంటే చిక్కుముడి వదిలేసి పోయిన ఇల్లు. కంపెనీ కాంట్రాక్టు అయిపోతుంది. కుర్రాడు ఒడిశాకో, జార్ఖండ్‌కో వెళ్లిపోతాడు. ఫోన్ కలవదు. గదికి అతని తాళమే ఉంటుంది. లోపల ఒక పరుపు, రెండు గిన్నెలు. నెలలు గడుస్తాయి. ఇతను లీజు వదులుకున్నట్టా, లేక తిరిగొస్తాడా? వదులుకోవడం మాటలోనే కాదు, నడతలో కూడా కనబడుతుందని చట్టం ఒప్పుకుంటుంది. కానీ దాన్ని రుజువు చేయాల్సిన భారం యజమానిదే. రాత్రికి రాత్రి తాళం పగలగొట్టినవాడు ఆ భారాన్ని మోయలేడు. పాత అడ్రసుకు, ఆధార్ కార్డు మీది ఊరికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసులు పంపి, వాట్సాప్ సందేశాలు దాచుకుని, కరెంటు మీటరు కదల్లేదని బిల్లులతో చూపించగలిగినవాడికి దారి తేలికవుతుంది. తొందరుంటే కోర్టును అడిగి అడ్వొకేట్ కమిషనర్ చేత తలుపు తెరిపించి సామాను జాబితా రాయించుకోవడం భద్రమైన పద్ధతి. నా లెక్కలో ఇది ఆలస్యమే గానీ, పరుపు కింద నగలున్నాయని రేపు ఎవరైనా అంటే ఈ జాబితాయే కాపాడుతుంది.

సామాను పట్టుకోవడం గురించి ఒక మాట. బాకీ కింద టీవీనో, బండినో అట్టేపెట్టుకోవచ్చని యజమానులు అనుకుంటారు. వెనకటికి మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకు 1882లో చేసిన ప్రెసిడెన్సీ చిన్న తగాదాల కోర్టుల చట్టంలో బాడుగ బాకీ కోసం సామాను జప్తు చేసే ఏర్పాటు ఉండేది. అది కూడా కోర్టు వారెంటు మీదే, యజమాని చేత్తో కాదు. తడలో ఆ మాత్రం కూడా లేదు.

హాస్టళ్లు, పీజీలు, కంపెనీ గదులు

గదిలో ఒక మంచం, బీరువా, రెండు పూటల భోజనం అని మాట్లాడుకున్న హాస్టలులో సంగతి కొంత మారుతుంది. 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసులో సుప్రీంకోర్టు లీజుకూ లైసెన్సుకూ తేడా చెప్పింది. పత్రానికి పెట్టిన పేరు కాదు, గది ఆ మనిషి ఒక్కడి అధీనంలో ఉందా లేదా అన్నది ముఖ్యమైన గుర్తు. ముగ్గురితో పంచుకునే మంచానికి లీజు పుట్టడం కష్టం, అది లైసెన్సు. దాన్ని రద్దు చేయడం తేలికే. అయినా 1882 ఈజ్‌మెంట్స్ చట్టం 63వ సెక్షన్ ఖాళీ చేయడానికి, సామాను తీసుకోవడానికి తగిన వ్యవధి ఇవ్వాలంటుంది. డ్యూటీ నుంచి వచ్చిన అమ్మాయిని రాత్రి పదకొండుకు గేటు బయట నిలబెడితే తగిన వ్యవధి ఇచ్చినట్టు కాదు.

కంపెనీ ఇచ్చిన క్వార్టర్సు ఇంకో దారి. ఉద్యోగం పోయాక కూడా ఖాళీ చేయకపోతే 2013 కంపెనీల చట్టం 452వ సెక్షన్ కింద కంపెనీ క్రిమినల్ కోర్టుకు పోవచ్చు. లక్ష నుంచి ఐదు లక్షల రూపాయల దాకా జరిమానా, అప్పగించమన్న ఆదేశం తప్పితే రెండేళ్ల దాకా జైలు. ఇంత పదునైన దారి ఉన్నప్పుడు సెక్యూరిటీ గార్డు చేత తాళం మార్పించాల్సిన పనేముంది? భర్త పేరున బాడుగకు తీసుకున్న ఇంట్లో ఉంటున్న భార్యను బయట పెట్టి తాళం వేయడం మరో రకం తగాదా. 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ ఆమెకు ఆ ఇంట్లో ఉండే హక్కు ఇస్తుంది.

వేరే దేశాల్లో

ఇంగ్లండులో 1977 నాటి చట్టం అక్రమంగా వెళ్లగొట్టడాన్ని నేరం చేసింది. కాలిఫోర్నియాలో తాళం మార్చిన యజమాని రోజుకు వంద డాలర్ల దాకా ఇచ్చుకోవాల్సి వస్తుంది. మనవాళ్లు ఎక్కువగా ఉన్న డాలస్ వైపు, అంటే టెక్సస్‌లో, కథ తిరగబడుతుంది. ఒప్పందంలో ఆ షరతు ఉండి, ముందుగా నోటీసు ఇస్తే, బాడుగ బాకీ ఉన్నవాడి తాళం మార్చవచ్చు. అయితే కొత్త చెవి ఏ వేళలోనైనా ఎక్కడ దొరుకుతుందో తలుపు మీద రాసిపెట్టాలి, అడిగితే బాకీ కట్టినా కట్టకపోయినా ఇవ్వాలి. చెవి ఇవ్వక తప్పనప్పుడు తాళం మార్చడమెందుకని తెలుగువాళ్లు నవ్వుకుంటారు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి బాకీ మాట్లాడించడానికి అదొక ఎత్తు.

బయట నిలబడ్డవాడికి

తాళం మార్చారని తెలిసిన రోజే ఫొటో తీయాలి, తేదీ కనబడేలా. పోలీస్ స్టేషనుకు పోతే చాలాసార్లు ‘ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకు పో’ అంటారు. ఆ మాట సగమే నిజం. బాకీ ఎంతన్నది సివిల్ సంగతి. తన గదిలోకి పోయే మనిషిని అడ్డుకోవడం న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద నేరం కావచ్చు, నెల దాకా సాధారణ జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. బాడుగదారు స్వాధీనంలోని గదిలోకి చొరబడి సామాను తీసినవాడికి 329వ సెక్షన్ తగలవచ్చు, ఏడాది దాకా జైలు. ఈ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. కొట్లాట వచ్చేలా ఉంటే తహసీల్దారు ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు హోదాలో నాగరిక సురక్షా సంహిత 164వ సెక్షన్ కింద ఎవరు స్వాధీనంలో ఉన్నారో తేల్చవచ్చు. ఫిర్యాదుకు ముందు రెండు నెలల్లోపు వెళ్లగొట్టబడినవాడిని ఇంకా స్వాధీనంలోనే ఉన్నట్టు చూసే వీలు ఆ సెక్షన్‌లో ఉంది.

అసలు ఆయుధం 1963 నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్. వెళ్లగొట్టిన రోజు నుంచి ఆరు నెలల్లోపు దావా వేస్తే చాలు. ఇల్లు ఎవరిదన్న చర్చే అక్కడ రాదు. స్వాధీనంలో ఉన్నావా, ఒప్పుకోకుండా, చట్టప్రకారం కాకుండా నెట్టేశారా, అంతే. ఆ డిక్రీ మీద అప్పీలు లేదు, రివ్యూ లేదు. ఆరు నెలలు ఒక్క రోజు దాటినా ఈ దారి మూసుకుపోతుంది. ఊరికి పోయి వచ్చి చూద్దాంలే అనుకునేవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునేది దీన్నే. దావాతో పాటు, యజమాని కొత్తవాళ్లకు బాడుగకివ్వకుండా 39వ ఆర్డరు కింద తాత్కాలిక నిషేధం అడగాలి.

వకీలు ఫీజుకు డబ్బులేదని ఆగిపోనక్కర్లేదు. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఉచిత న్యాయ సహాయానికి అర్హుల జాబితా ఇస్తుంది. ఆడవాళ్లు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవాళ్లతో పాటు పారిశ్రామిక కార్మికులు కూడా అందులో ఉన్నారు, వాళ్ల జీతం ఎంతైనా సరే. మండల న్యాయ సేవల కమిటీని అడగవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు. అడిగేటప్పుడు ఫ్యాక్టరీ ఐడీ కార్డు చూపిస్తే పని తేలికవుతుంది. కార్డు తాళం వేసిన గదిలోనే ఉండిపోతే జీతం స్లిప్పు ఫోన్లో ఉంటే సరిపోతుంది.